చాక్లెట్‌ని చాక్లెట్‌లా తిననివ్వండి

ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చా. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, అందుకే బట్టలు కూడా మార్చుకోకుండా ఇది రాస్తున్నా.

ఇవాళ మా ఆఫీసులో ఒకావిడ పుట్టినరోజు. టీ టైంలో అందరికీ చాక్లెట్లు పంచింది. పక్క సీట్లో అమ్మాయికి బాదం వేసిన మిల్క్ చాక్లెట్. ఎదురు సీట్లో కుర్రాడికీ అదే. నా దగ్గరికొచ్చేసరికి డబ్బా పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగులోంచి వేరే ప్యాకెట్ తీసింది. నల్ల ప్యాకెట్, మీద బంగారు రంగు అక్షరాలు. "నీకోసం స్పెషల్‌గా తెచ్చా. డార్క్ చాక్లెట్. రోజూ రెండు ముక్కలు తిను, నెల తిరిగేసరికి నీకే తేడా తెలుస్తుంది" అంది. అది కూడా నలుగురికీ వినబడేలా. ఏ తేడానో ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు కూడా, ఎందుకంటే అక్కడున్నవాళ్లందరి చూపులూ ఒక్కసారి నా మొహం మీద పడి, అక్కణ్నుంచి కిందికి దిగాయి.

నేను థాంక్స్ చెప్పి తీసుకున్నా. పుట్టినరోజు పూట ఎవరి మనసూ కష్టపెట్టకూడదని నోరు మూసుకున్నా. నన్ను కష్టపెట్టేముందు ఆవిడకి అలాంటి ఆలోచన ఎందుకు రాలేదో మాత్రం నాకు అర్థం కాలేదు.

సరే, ముందు ఆ సలహా సంగతి చూద్దాం. డార్క్ చాక్లెట్ తింటే బరువు తగ్గుతారట. ఈ మాట ఎక్కడ విన్నారని ఎవరినైనా అడగండి, "రీసెర్చ్‌లో తేలింది" అంటారు. ఏ రీసెర్చో నేను చెప్తా వినండి. 2015లో జాన్ బొహానన్ అనే సైన్స్ జర్నలిస్టు, జర్మనీ టీవీ వాళ్లతో కలిసి కావాలని ఒక బోగస్ ప్రయోగం చేశాడు. డైట్ వార్తలు ఎంత సులువుగా పుట్టుకొస్తాయో చూపించడానికి. పట్టుమని పదహారు మంది కూడా లేరు అందులో, పదిహేను మంది లెక్క తేలారు. కొందరికి పిండిపదార్థాలు తగ్గించిన డైట్, కొందరికి అదే డైట్‌తో పాటు రోజూ 42 గ్రాముల డార్క్ చాక్లెట్, మిగతావాళ్లకి ఏ మార్పూ లేదు. 3 వారాలు నడిపారు. ఒక్కొక్కరిలో బరువు, కొలెస్ట్రాల్, సోడియం, నిద్ర, ఇలా 18 రకాల కొలతలు తీసుకున్నారు. ఇంత తక్కువ మందిలో ఇన్ని కొలతలు తీస్తే ఏదో ఒకదాంట్లో కాకతాళీయంగానైనా తేడా కనిపించక మానదు. కనిపించింది. చాక్లెట్ తిన్నవాళ్లు 10 శాతం వేగంగా బరువు తగ్గారని వచ్చింది. డబ్బు కడితే అచ్చేసే ఒక జర్నల్‌కి పంపిస్తే వాళ్లు అచ్చేశారు. ఇంకేముంది, జర్మనీలో బిల్డ్ పత్రిక మొదటి పేజీలో వేసింది. అక్కణ్నుంచి దేశాలు దాటింది. ఆ తర్వాత రెండు నెలలకే ఆయన స్వయంగా బయటికొచ్చి, ఇదంతా మేం ఆడిన నాటకం అని మొత్తం విప్పి చెప్పాడు.

నాటకం అని చెప్పిన వార్త ఎంతమంది ఫోన్లలోకి వచ్చింది? నా ఫోన్‌లోకైతే ఒక్కసారి కూడా రాలేదు. మొదటి వార్త మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, అప్పుడొకటి ఇప్పుడొకటి రంగురంగుల బొమ్మలు తగిలించుకుని మరీ వస్తోంది.

ఇలా అనగానే కామెంట్లలో ఒకరు తప్పకుండా వస్తారు. "కాదండీ, డార్క్ చాక్లెట్ తింటే ఆకలి తగ్గుతుంది, నేను చదివాను" అని. నేనూ చదివాను. 16 మంది కుర్రాళ్లకి ఒకసారి 100 గ్రాముల డార్క్ చాక్లెట్, ఇంకోసారి 100 గ్రాముల మిల్క్ చాక్లెట్ పెట్టి, రెండు గంటలయ్యాక పిజ్జా పెట్టారు. డార్క్ తిన్న రోజు పిజ్జా 17 శాతం తక్కువ తిన్నారు. బాగుంది. 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో దగ్గర దగ్గర 600 కేలరీలుంటాయని తెలుసా? మిల్క్ చాక్లెట్‌లో అంతకంటే కాస్త తక్కువే. ఆరొందల కేలరీలు ముందు కడుపులో వేసుకుని ఆ తర్వాత పిజ్జాలో ఒక ముక్క మానేస్తే బరువు ఎలా తగ్గుతుందో ఎవరైనా కూర్చోబెట్టి లెక్క చెప్పండి నాకు.

ఇంకొకరు 2024 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన హార్వర్డ్ వాళ్ల పరిశీలన పట్టుకొస్తారు. వారానికి ఐదుసార్లు డార్క్ చాక్లెట్ తినేవాళ్లలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం 21 శాతం తక్కువగా కనిపించిందని. అది నిజమే, అందులో ఉన్నదే. కానీ అది పరిశీలన. ఎవరు ఏం తింటున్నారో అడిగి రాసుకుని, ఏళ్ల తరబడి గమనించడం. డార్క్ చాక్లెట్ ఏరి కోరి తినేవాళ్లు మిగతా తిండి విషయంలోనూ జాగ్రత్తగా ఉండే మనుషులు కావచ్చు కదా. పైగా బరువు గురించి అందులో ఏముందో చివరిదాకా చదవరు. మిల్క్ చాక్లెట్ ఎక్కువ తిన్నవాళ్లు బరువు పెరిగారు, డార్క్ తిన్నవాళ్లలో ఆ పెరుగుదల కనబడలేదు. పెరగలేదన్నారు, అంతే. తగ్గారని ఎక్కడా లేదు.

కోకోలో అసలు మంచే లేదని నేను అనను. కోకో గింజలో ఫ్లేవనాల్స్ అనే సహజ పదార్థాలు ఉంటాయి. అవి రక్తనాళాలు కాస్త సాగేలా, వదులుగా ఉండేలా సాయపడతాయి. ఇది గట్టిగా నిలబడే మాటే. రోజుకి 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్‌కి ఆ గుణం ఉందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లోనే ఒప్పుకుంది. బీపీ మీద ప్రయోగాలన్నీ కలిపి, వైద్య పరిశోధనల్ని తూచి చూసే కాక్రేన్ సంస్థ వాళ్లు 2017లో లెక్క తీస్తే, పై అంకె సగటున 2 పాయింట్లు కూడా తగ్గలేదు. తగ్గిన ఆ కాస్తా కూడా ఫ్లేవనాల్స్ దండిగా ఉన్న కోకోతో. గుండె గురించి జరిగిన పెద్ద ప్రయోగం కాస్మాస్. 2022లో ఫలితాలొచ్చాయి, 21 వేలమందికి పైగా పెద్ద వయసువాళ్లు. గుండె జబ్బుతో పోయినవాళ్ల సంఖ్య కోకో తీసుకున్నవాళ్లలో తక్కువగా కనిపించింది గానీ, గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూసిన అసలు లెక్కలో మాత్రం గట్టిగా చెప్పగలిగే తేడా రాలేదు. సరే, అది కూడా వదిలేద్దాం. వాళ్లకి ఇచ్చింది ఏమిటి? మాత్ర. కోకో సారం తీసి, రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ అందేలా చేసిన మాత్ర. చక్కెర లేదు, కోకో వెన్న లేదు. ఒక్కరి చేతిలో కూడా చాక్లెట్ బార్ పెట్టలేదు. ఆ ప్రయోగానికి డబ్బు పెట్టినవాళ్లలో చాక్లెట్లు చేసే మార్స్ కంపెనీ ఉందన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 2023లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఫ్లేవనాల్స్ ఎక్కువున్న కోకో పొడికి మాత్రమే, అదీ ఆధారాలు చాలా పరిమితం అని రాయాలన్న షరతుతో, గుండెకి మేలు చేయొచ్చని ప్యాకెట్ మీద వేసుకోనిచ్చింది. మామూలు కోకో పొడికి, చాక్లెట్లకి అది వర్తించదని విడిగా చెప్పింది.

ఇంత స్పష్టంగా చెప్పినా, అందరి నోటా అదే మాట: "డార్క్ కదా, గుండెకి మంచిది."

ఆవిడిచ్చిన ప్యాకెట్ ఇంటికొచ్చాక తిప్పి చూశాను. ముందు వైపు అరచేతిలో సగం అంత పెద్ద అక్షరాలతో డార్క్ అని ఉంది. వెనక, చీమ తలకాయంత అక్షరాలతో పదార్థాల జాబితా. మొదటి మాట చక్కెర. జాబితాలో ఏది మొదట ఉంటే అది అన్నిటికంటే ఎక్కువ ఉన్నట్టు. కోకో సగం కూడా లేదు. చివర్లో ఆమ్లత నియంత్రకం 501 అని ఒక నంబరు. అది పొటాషియం కార్బొనేట్ అనే క్షారం. కోకోలో చేదు, పులుపు తగ్గి రంగు బాగా నల్లబడాలని క్షారంతో శుద్ధి చేస్తారు. అలా చేసినప్పుడు పోయేవాటిలో మొదటివి ఆ ఫ్లేవనాల్సే. దేనికోసం ఈ ముక్క తినమంటున్నారో అదే అందులోంచి పోతుంది, మిగిలేది నల్ల రంగు. ఎంత నల్లగా ఉంటే అంత మంచిదని మనవాళ్ల నమ్మకం! ఇక ఫ్లేవనాల్స్ ఎన్ని ఉన్నాయో రేపరు మీద వెతికాను. లేదు. దాదాపు ఎవరూ వేయరు. కేలరీలు మాత్రం వేశారు, 10 గ్రాములకి. పది గ్రాములంటే ఒక్క ముక్క. ఒక్క ముక్క తిని మడిచి లోపల పెట్టే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే మంట పెట్టిన సంగతి చెప్తా. మా అమ్మకి షుగర్. ఎన్నో ఏళ్లుగా టీలో కూడా చక్కెర ముట్టదు, పండగైనా పెళ్లైనా తీపి పళ్లెం ముందుకొస్తే చెయ్యి అడ్డం పెట్టేస్తుంది. అలాంటి మనిషికి మా పిన్ని ఒక వీడియో పంపింది. "అక్కా, డార్క్ చాక్లెట్ షుగర్‌కి మంచిదట, ఇన్సులిన్ బాగా పనిచేస్తుందట" అని. అమ్మ నమ్మింది. ఎందుకు నమ్మదు? ఇన్నేళ్లు నోరు కట్టుకున్న మనిషికి తీపి తినొచ్చని ఒకరు చెప్తే ఎంత సంతోషం! నేను ఫ్రిజ్ తుడుస్తుంటే తలుపు అరలో, మందుల డబ్బా వెనక, జాగ్రత్తగా మడిచిన రేకు కాగితం దొరికింది. లోపల సగం బార్. మిగతా సగం రాత్రి భోజనమయ్యాక తినేసిందన్నమాట. అడిగితే, చిన్నపిల్ల దొరికిపోయినట్టు మొహం పెట్టి, "మామూలుది కాదే, డార్క్‌ది, ఏం కాదట" అంది. సగం కోకో ఉన్న బార్‌లో మిగతా సగం దాదాపు చక్కెరే. 50 గ్రాములు తింటే ఆరు చెంచాల చక్కెర. టీలో అర చెంచా వేసుకోని మనిషి రాత్రిపూట ఆరు చెంచాలు తింటోంది, అదీ ఆరోగ్యం కోసం! తర్వాత రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ సగటు పెరిగితే డాక్టరు అమ్మని కసిరాడు. పిన్నిని ఎవరూ ఏమీ అనలేదు. వీడియో చేసినవాడిని అసలే అనలేదు, వాడు ఈపాటికి ఇంకో పదార్థం మీద వీడియో చేస్తూ ఉంటాడు. తిట్లు తిన్నది అమ్మ. ఆ రోజు డాక్టరు గదిలోంచి బయటికొస్తూ, "తప్పు చేశానే" అని అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గొంతులో అడ్డం పడినట్టే ఉంది. అమ్మ చేసిన తప్పేంటండీ ఇందులో?

పిన్ని చెడ్డది కాదు, అమ్మంటే ప్రాణం. ఆఫీసు ఆవిడ కూడా చెడ్డది కాదేమో. కానీ ఈ ప్రేమతో ఇచ్చే సలహాల గురించి నాకో పాత బాకీ ఉంది, ఇవాళ తీర్చేసుకుంటా.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నా కంచంలోకి తొంగిచూడని మనిషి లేడు. లావుగా ఉన్న ఆడపిల్ల ఏం తింటోందో చూడటం అందరి హక్కు. స్కూల్లో ఉన్నప్పుడు చుట్టాలింటికి వెళ్తే, మా అన్నయ్యకి రెండోసారి వడ్డించి నా దగ్గర గరిటె ఆపేవాళ్లు. పెళ్లి చూపులప్పుడు "అమ్మాయి కాస్త తగ్గితే బాగుంటుంది" అని నేను వింటుండగానే మాట్లాడుకున్నారు. మా అన్నయ్య పొట్ట గురించి ఎవరూ ఇంతవరకు ఒక్క మాట అనలేదు, పైగా పొట్టొస్తే "కలిసొచ్చింది" అంటారు. నాకు థైరాయిడ్ ఉందని, మందులు వాడుతున్నానని, పొద్దున్నే లేచి నడుస్తున్నానని ఎవరికీ అక్కర్లేదు. ఒక్కరు కూడా "ఎలా ఉన్నావు, నీరసంగా ఉందా" అని అడగరు. గ్రీన్ టీ తాగు, తేనె నిమ్మరసం తాగు, ఇప్పుడు డార్క్ చాక్లెట్ తిను. నాకు చాక్లెట్ ఇచ్చేటప్పుడు కూడా అందులో మందు కలిపి ఇవ్వాలన్నమాట. పక్క సీట్లో అమ్మాయికి రుచి కోసం, నాకు చికిత్స కోసం. తీపి తినే సంతోషం సన్నగా ఉన్నవాళ్లకే రాసిపెట్టి ఉందా?

నాకు డార్క్ చాక్లెట్ నచ్చదని కూడా చెప్పేస్తున్నా. చేదు. నచ్చినవాళ్లు హాయిగా తినండి, రాత్రి భోజనం తర్వాత ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని కరగనివ్వండి, ఎవరు కాదన్నారు? 70 శాతం, 80 శాతం కోకో ఉన్నది కొనుక్కుంటే మిల్క్ చాక్లెట్ కంటే చక్కెర బాగా తక్కువ ఉంటుంది, పీచు ఉంటుంది, ఐరన్, మెగ్నీషియం ఉంటాయి. అదంతా నిజమే. ఇష్టంగా తినే ఒక ముక్కకి ఇంతకు మించిన సర్టిఫికెట్ అవసరం లేదు. మందు అని చెప్పి రోజూ తినమన్నప్పుడే నాకు పేచీ.

ఎందుకంటే రోజూ తినమని చెప్పేవాళ్లు ఇంకో సంగతి చెప్పరు. 2022 డిసెంబరులో అమెరికాలో వస్తువుల్ని పరీక్షించి చెప్పే వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు 28 రకాల డార్క్ చాక్లెట్లు పరీక్ష చేయించారు. అన్నిట్లోనూ సీసం, క్యాడ్మియం దొరికాయి. 23 రకాల్లో, రోజూ 28 గ్రాములు తింటే చాలు, ఆ రెంటిలో ఏదో ఒకటి వాళ్లు పెట్టుకున్న హద్దు దాటుతుంది. క్యాడ్మియం నేలలోంచి చెట్టుకి ఎక్కుతుంది, సీసం గింజల్ని ఆరుబయట ఎండబెట్టేటప్పుడు దుమ్ముతో వచ్చి పట్టుకుంటుంది. రెండూ కోకోతోనే వస్తాయి కాబట్టి కోకో శాతం పెరిగేకొద్దీ ఇవీ పెరిగే అవకాశం ఉంది. ఎప్పుడో ఒక ముక్క తినేవాళ్లు హడలిపోనక్కర్లేదు. కడుపుతో ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి మాత్రం రోజూ ఆరోగ్యం పేరుతో పెట్టే వస్తువు కాదు ఇది. మా కజిన్‌కి ఐదో నెల. ఐరన్ కోసమని దానికి కూడా ఇదే వీడియో వెళ్లింది, మళ్లీ మా పిన్ని దగ్గర్నుంచే.

పిన్నీ, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. కోపం తెచ్చుకోకు. ఆ వీడియో ఎవరెవరికి పంపావో చూసి, అందులో షుగర్ ఉన్నవాళ్లకి, కడుపుతో ఉన్నవాళ్లకి ఇవాళ రాత్రే ఫోన్ చేసి, అది నమ్మొద్దు, డాక్టర్ని అడగండి అని చెప్పు. మెసేజ్ పెట్టి ఊరుకోకు, ఫోనే చెయ్యి. ముందు అమ్మకి చెయ్యి. నేను చెప్తే వినడం లేదు, నువ్వు చెప్తేనే నమ్ముతుంది.