ఈదేటప్పుడు వాచ్ చూపించే హార్ట్ రేట్‌ను నమ్మి నిర్ణయాలు తీసుకోకండి

వాచ్ వెనక 5 ఏటీఎం (నీటి ఒత్తిడిని తట్టుకునే కొలత) అని ఉంటే నీళ్లలో పాడవదని మాత్రమే అర్థం. ఈదుతున్నప్పుడు గుండె వేగాన్ని సరిగ్గా చెబుతుందని కాదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. పూల్ గట్టు పట్టుకుని, వాచ్ చూసి, "నూట పదే ఉంది, ఇంకో నాలుగు ల్యాపులు కొడతా" అని మళ్లీ ఈదడం మొదలుపెడతారు. వాళ్లలో స్టెంట్ వేయించుకున్న పెద్దవాళ్లు కూడా ఉంటున్నారు కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

వాచ్ కింద మెరిసే ఆకుపచ్చ లైటు పని చాలా సింపుల్. రక్తం ఆ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది, ఆ తేడాలను సెన్సర్ లెక్కపెడుతుంది. ఆ తేడా చాలా చిన్నది. కుర్చీలో కూర్చుంటే బాగానే దొరుకుతుంది. ఫ్రీస్టైల్‌లో చెయ్యి నీళ్లలో పడిన ప్రతిసారీ వాచ్ కదులుతుంది, కింద నీళ్లు దూరతాయి, మణికట్టు వంగినప్పుడల్లా అక్కడి చర్మం, కండరాలు జరుగుతాయి, చెయ్యి పైకి లేస్తే పక్కనుంచి ఎండ పడుతుంది. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్‌లో గుసగుసలు వినడం ఎంత కష్టమో, ఇందులో పల్స్ పట్టుకోవడం అంత కష్టం.

పైగా చలి. డిసెంబర్ పొద్దున్నే చల్లటి నీళ్లలోకి దిగితే ఒళ్లు వేడిని కాపాడుకోవడానికి చేతుల్లోని రక్తనాళాలను బిగిస్తుంది, అంటే సెన్సర్‌కు కావాల్సిన రక్తమే అక్కడ తగ్గిపోతుంది. స్ట్రాప్ మరీ బిగిస్తే ఇంకా తగ్గుతుంది.

నాకు అసలు కోపం వచ్చేది మాత్రం ఇక్కడ. సిగ్నల్ పోయినప్పుడు కొన్ని వాచీలు పాత అంకెనే కాసేపు చూపిస్తాయి, గ్రాఫులో నున్నటి గీత గీసేస్తాయి. దాని మీదే జోన్లు (శ్రమ స్థాయిలు), క్యాలరీలు అన్నీ లెక్కకడతాయి. తెలియనప్పుడు స్క్రీన్ ఖాళీగా ఉంచితే ఏం పోతుంది? కొన్నవాళ్లకు ఆ మాత్రం నిజం చెప్పాలి కదా!

ఇంకో చిక్కు ఉంది. నీళ్లలో అడ్డంగా పడుకుని ఈదుతాం, నీటి ఒత్తిడికి రక్తం గుండెకు సులువుగా తిరిగొస్తుంది, ముఖం చల్లటి నీళ్లలో మునిగితే గుండె కొంత నెమ్మదిస్తుంది కూడా. అందుకే ఈతలో గరిష్ఠ హార్ట్ రేట్ పరుగులో కన్నా సుమారు 10 తక్కువ ఉండటం మామూలే. దానివల్ల వాచ్ తప్పుగా తక్కువ చూపించినా ఎవరికీ అనుమానం రాదు.

ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి మేలు. కానీ బ్లూటూత్ నీళ్లలో కొన్ని సెంటీమీటర్లు దాటి వెళ్లదు, అందుకే గార్మిన్ హెచ్‌ఆర్‌ఎం స్విమ్ లాంటి స్ట్రాపులు లెక్కను తమలోనే దాచుకుని, ఈత అయ్యాక వాచ్‌కు పంపిస్తాయి. గోడను తన్నినప్పుడు స్ట్రాప్ జారిపోయే బాధ ఒకటి. నన్నడిగితే కణతే మంచి చోటు, అక్కడ కదలికా వంపూ తక్కువ. పోలార్ వెరిటీ సెన్స్ అనే చిన్న సెన్సర్‌ను గాగుల్స్ పట్టీకి తగిలించుకోవచ్చు, ఫార్మ్ అనే గాగుల్స్ కంపెనీ వాళ్లు 2024లో గాగుల్స్‌లోనే సెన్సర్ పెట్టారు. వాటిలోనూ ఉన్నది లైటే. కాబట్టి గొడవంతా మణికట్టుతోనే.

ఇవన్నీ కొనక్కర్లేదు. గట్టు పట్టుకోగానే, ఆలస్యం చెయ్యకుండా, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 10 సెకన్లు లెక్కపెట్టి 6తో గుణించండి. ట్రైనింగ్ కోసమైతే గోడ మీది గడియారం చాలు: వీలైనంత వేగంగా 400 మీటర్లు 10 నిమిషాల్లో, విడిగా 200 మీటర్లు 4 నిమిషాల 40 సెకన్లలో ఈదితే, 200 మీటర్ల తేడాకు 5 నిమిషాల 20 సెకన్లు, అంటే 100 మీటర్లకు 2 నిమిషాల 40 సెకన్లు. చాలాసేపు నిలబెట్టుకోగల వేగం సుమారుగా అదే.

బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లకు ఒక మాట. ఆ మాత్ర గుండె వేగాన్నే తగ్గిస్తుంది, కాబట్టి మీకు సరైన అంకె కూడా శ్రమ ఎంతో చెప్పదు. డాక్టర్ గారు హద్దు చెప్పి ఉంటే, దాన్ని పూల్‌లో ఎలా చూసుకోవాలో ఆయన్నే అడగండి. ఛాతీలో బరువుగా అనిపించినా, తల తిరిగినా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా, వాచ్ మీద ఎంతున్నా సరే, వెంటనే గట్టెక్కి లైఫ్‌గార్డ్‌ను పిలవండి.