'నమ్మకాలు పక్కనపెట్టి మాట్లాడండి' అనేవాళ్ళకు నా జవాబు

రెండు వారాలుగా మా చుట్టాల గ్రూపులో, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో, చివరికి మా వీధివాళ్ళం నీళ్ళ ట్యాంకరు కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా ఒకే మెసేజ్ తిరుగుతోంది. ముగ్గురు నాకు విడిగా కూడా పంపారు. కింద ఒక దండం బొమ్మ, "నూటికి నూరుపాళ్ళు నిజం" అని ఒక ముక్క. మెసేజ్ ఇది:

"నమ్మకాలున్నవాడు ఆలోచించడు, తన నమ్మకం తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు, అంతే. తెలివైనవాడు నమ్మకాలన్నీ గుమ్మం బయట వదిలి లెక్కలు మాత్రమే చూస్తాడు. రుజువు ఒక్కటే చాలు. దేవుడు, ధర్మం, సిద్ధాంతం అనేవాడికి తర్కం రాదు. మూల నమ్మకాలు వేరైనవాళ్ళతో వాదించడం టైం వేస్టు."

ఇందులో ఒక్క మాటలో నిజముంది. అది ఒప్పుకుంటాను. మిగతావి తప్పు. వట్టి తప్పులైతే ఊరుకునేవాణ్ణి, మనుషుల మధ్య మాట తెంపే తప్పులు కాబట్టి ఓపిగ్గా ఒక్కొక్కటే పట్టుకుంటున్నాను.

"లెక్కలు మాత్రమే చూడాలి" అన్నదానితో మొదలుపెడతాను. అందరికీ బాగా నచ్చింది అదే.

2025 జూన్‌లో మన చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడికి ఏమైందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 అందిస్తుందని ప్రకటించారు. ఆ 8 కూడా చేతికి రావడం లేదని రైతులు మొత్తుకున్నారు. మా మేనమామకు బంగారుపాళ్యం పక్కన నాలుగెకరాల తోట ఉంది. ఒక రాత్రి ఆయనకు అన్నం క్యారియర్ తీసుకుని నేనూ మా అన్నా ఆ బారు దగ్గరికి వెళ్ళాం. కాయల మీద సొన కారి నల్లటి చారలు కట్టింది. అడుగున ఉన్నవి మెత్తబడ్డ వాసన అప్పటికే తెలుస్తోంది. తిన్న తర్వాత మామ ఎరువుల అంగడి బిల్లు ఒకటి వెనక్కి తిప్పి, నన్ను సెల్‌ఫోన్ లైటు పట్టుకోమని, ఖర్చంతా వరసగా రాశాడు. దుక్కి, మందు కొట్టడం, కోత కూలి, ట్రాక్టరు బాడుగ. బెంగళూరులో అకౌంట్స్ చూసే మా అన్న దాన్ని మళ్ళీ కూడాడు. ఇద్దరికీ ఒకటే మొత్తం వచ్చింది.

"కొనేవాడి దగ్గర పోయినేటి గుజ్జే మిగిలుంటే రేటు యాడినుంచి వస్తాది మామా? ఇప్పుడు ఉండే రేటు ఇదే" అన్నాడు అన్న.

"పెట్టిన ఖర్చు గూడా రాకుంటే దాన్ని రేటంటారా అబ్బోడా? దోపుడంటారు" అన్నాడు మామ.

ఆ బిల్లు వెనక ఉన్న ఒక్క అంకె మీద కూడా వాళ్ళిద్దరికీ తగాదా లేదు. మరి తగాదా ఎక్కడుంది? అమ్మేవాడు, కొనేవాడు ఒప్పుకున్నదే ధర, దానికి న్యాయాన్యాయాలు అంటవు అన్నది మా అన్న లోపల కదలని మాట. మనిషి కష్టపడితే కనీసం పెట్టింది తిరిగి రావాలి, రాకపోతే ఎక్కడో అన్యాయం జరుగుతున్నట్టే అన్నది మామ లోపల కదలని మాట. ఈ రెండూ కాగితం మీద లేవు. ఎంత కూడినా, తీసేసినా కాగితం మీదికి రావు కూడా. ఉన్నదాన్ని చెప్పే మాటల నుంచి ఉండాల్సినదాన్ని చెప్పే మాటలోకి మనం ఎట్లా దాటామో చెప్పకుండానే దాటేస్తుంటాం అని డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లాండ్ తత్వవేత్త 1740లోనే పట్టుకున్నాడు. ఆ దాటే చోట కాలు పెట్టుకునే రాయే నమ్మకం.

అక్కడితో ఆగితే ఇది అందరూ చెప్పే సంగతే. నన్ను నిలదీసింది వేరే. ఆ కాగితం మీద మా అత్త లేదు. తెల్లవారకముందు లేచి మోటరు వేసి, నీళ్ళు మళ్ళించి, కోతల రోజు ఇరవై మందికి వండిన మనిషి లెక్కలో ఒక్క రూపాయి కూడా కాలేదు. నేను అడిగితే ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. ఇంటి మనిషి పనికి కూలి కట్టరు అన్నది వాళ్ళిద్దరిలోనూ పాతుకుపోయిన నమ్మకం. ఆ మాట కొస్తే నాలోనూ ఉంది, ఇరవై ఏళ్ళుగా అలాంటి కాగితాలు చూస్తూ ఆ రాత్రి దాకా నేనూ అడగలేదు. అంటే లెక్క మొదలుపెట్టక ముందే నమ్మకం వచ్చి కూర్చుంది. దేన్ని లెక్కపెట్టాలో, దేన్ని వదిలేయాలో అదే తేల్చేసింది. గుమ్మం బయట వదిలామనుకున్నది ఇంట్లోనే ఉంది. నమ్మకాలు లేవనుకున్నవాడు దాన్ని వెతకను కూడా వెతకడు.

ఇక "రుజువు ఒక్కటే చాలు". ఏది రుజువు?

మా మిద్దె మీద నిలబడితే శేషాచలం కొండలు ఎదురుగా కనిపిస్తాయి. ఎండాకాలంలో అప్పుడప్పుడు అడవి అంటుకుని పొగ లేస్తుంది. మంట కనబడదు, అయినా "కొండ కాలతా ఉండాది" అంటాం. న్యాయశాస్త్రం (కోర్టు చట్టం కాదు, తర్కం నేర్పే మన పాత దర్శనం) చదివినవాళ్ళకు ఇది తొలి పాఠం. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూడండి అంటారు. చెప్పదలచిన మాట (ప్రతిజ్ఞ), కారణం (హేతువు), ఉదాహరణ, దాన్ని ఇక్కడికి అన్వయించడం (ఉపనయం), ముగింపు (నిగమనం) అని ఐదు మెట్లు. పొగ ఉన్నచోటల్లా అన్నారే, అన్నిచోట్లకూ వెళ్ళి చూసొచ్చారా అని చార్వాకులనే పాతకాలపు నాస్తికులు అడ్డం తిరిగారు. వాళ్ళు కంటికి కనబడేదాన్నే ప్రమాణంగా, అంటే రుజువుగా ఒప్పుకున్నారు. తక్కిన దర్శనాల్లో బౌద్ధ తార్కికులు, వైశేషికులు ప్రత్యక్షం (కళ్ళారా చూడటం), అనుమానం (పొగను బట్టి నిప్పుందని తేల్చడం) రెండూ చాలన్నారు. సాంఖ్యులు శబ్దం (నమ్మదగినవాళ్ళ మాట) చేర్చి మూడన్నారు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్రంవాళ్ళు, ఉపమానంతో (పోలికతో తెలుసుకోవడం) నాలుగు, ప్రాభాకర మీమాంసకులు అర్థాపత్తితో (వేరే దారి లేక ఒప్పుకోవాల్సింది) ఐదు, భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధితో (కనబడకపోవడాన్ని బట్టి లేదని తెలియడం) కలిపి ఆరు లెక్కగట్టారు. ఏది రుజువు అన్న ప్రశ్నకే ఇన్ని జవాబులు. ఎవరి జవాబు సరైందో తేల్చడానికి రుజువు తెమ్మంటే, అది ఏ రకం రుజువు కావాలో ముందు ఒప్పుకోవాలి. ఈ ముడి ఎవరూ తప్పించుకోలేదు. తొమ్మిదో తరగతి రేఖాగణితంలో యూక్లిడ్ ఐదు స్వీకృతాలూ, అంటే రుజువు అడగకుండా ముందే ఒప్పుకునే మాటలూ, అంతే. ఐదోదాన్ని మార్చి చూస్తే త్రిభుజం కోణాలు 180 డిగ్రీలకు రాని కొత్త గణితాలు పుట్టాయి, 19వ శతాబ్దంలో. గణితమే ఏదో ఒకటి ఒప్పుకుని మొదలవుతుంటే, మామిడి రేటు మీదా రిజర్వేషన్ల మీదా మాట్లాడే మనం ఏమీ ఒప్పుకోకుండా మొదలుపెడతామా?

"దేవుడు, ధర్మం అనేవాడికి తర్కం రాదు" అన్న మాట తిరుపతిలో ఉన్నవాళ్ళే ఒకరికొకరు పంపుకోవడం చూసి బాధేసింది. తిరుమల గుళ్ళో భాష్యకారుల సన్నిధి ముందు నుంచి ఏటా లక్షలమంది నడిచి వెళ్తారు. ఆ భాష్యకారులంటే రామానుజులు. బ్రహ్మసూత్రాలకు ఆయన రాసిన భాష్యం మొదటి సూత్రం దగ్గరే తాను ఖండించబోయే అద్వైతుల వాదాన్ని ముందు నిలబెడతారు. ఒకసారి చిన్నగా చెప్పి ఆపరు. లఘు పూర్వపక్షం (ఎదుటివాడి వాదం క్లుప్తంగా), దానికి జవాబు, ఆ తర్వాత మహా పూర్వపక్షం అని మళ్ళీ విస్తరంగా, ఎదుటివాడు ఇంతకంటే గట్టిగా చెప్పలేడు అనిపించేలా చెప్పి, అప్పుడు సిద్ధాంతం ఎత్తుకుంటారు. ఆయన నారాయణుణ్ణి నమ్మినవాడు, ఆ నమ్మకం దాచుకోనివాడు. ఎదుటివాడి మాటను అంత పూర్తిగా చెప్పి ఖండించిన మెసేజ్ ఒక్కటి ఈ పదేళ్ళలో మీ ఫోన్‌కు వచ్చిందా?

ఇందాకటి న్యాయశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల్లోనే ఇంకో మంచి సంగతి ఉంది. సిద్ధాంతాలు నాలుగు రకాలన్నారు. అందరూ ఒప్పుకునేది ఒకటి, మన పక్షంవాళ్ళు మాత్రమే ఒప్పుకునేది ఒకటి. మూడోది, దాన్ని ఒప్పుకుంటే దాని వెనక మరికొన్ని ఒప్పుకోక తప్పనిది. నాలుగోది అభ్యుపగమం, అంటే "సరే, కాసేపు నీ మాటే ఒప్పుకుందాం, అది ఎక్కడికి తీసుకెళ్తుందో చూద్దాం" అని పరీక్ష కోసం ఒప్పుకునేది. తమ మూలాలను ఇంత వివరంగా గుర్తుపట్టి, పేర్లు పెట్టి, ఎదుటివాడి ముందు పరచినవాళ్ళకు తర్కం రాదంటారా? మన టీవీ చర్చల్లో ఆ నాలుగోది ఒక్కరోజు పాటిస్తే చాలు.

ఒక గ్రూపులో ఈ మెసేజ్ కింద జిడ్డు కృష్ణమూర్తి ఫొటో అంటించారు. ఆయన ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లెలో పుట్టినవాడు, మనవాడు, కాబట్టి ఈ అన్యాయం గురించి రెండు మాటలు చెప్పాలి. నమ్మకాన్ని ఆయన జీవితమంతా ప్రశ్నించిన మాట నిజమే. కానీ 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమ్మెన్‌లో, తనను జగద్గురువుగా కొలవడానికి కట్టిన సంస్థను వేలమంది ముందు తానే రద్దు చేశాడు. సత్యానికి దారి వేయలేం, దాన్ని సంస్థగా కట్టలేం అన్నది ఆయన నిలబడ్డ మాట. ఆ మాట మీద నిలబడినందుకు పీఠం వదులుకున్నాడు. సూత్రాలు లేనివాడు అంత పని చేస్తాడా? లెక్కలు మాత్రమే చూసుకునేవాడైతే పీఠం మీదే ఉండేవాడు.

ఇప్పుడు నిజమున్న మాట. నమ్మకం మనచేత వకాల్తా పుచ్చుకునేలా చేస్తుంది. అవును, చేస్తుంది. 1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మరణశిక్ష కావాలనే విద్యార్థులకూ, వద్దనే విద్యార్థులకూ అవే రెండు అధ్యయనాలు ఇచ్చారు. ఒకటి ఆ శిక్ష వల్ల హత్యలు తగ్గుతాయనేది, ఇంకోటి తగ్గవనేది. ఎవరికి వాళ్ళు తమ వైపుది బాగుందన్నారు, అవతలి దాంట్లో తప్పులు తవ్వారు. చదివాక తమ పాత మాట మీద ఇంకా గట్టిపడ్డామని చెప్పారు. ఇది మనలో ప్రతివాళ్ళకూ ఉన్న జబ్బే.

కానీ మెసేజ్ రాసినాయన చెప్పే మందు దీనికి పనిచేయదు. ఆ పరిశోధకుల్లో కొందరే 1984లో అది కూడా పరీక్షించారు. కొందరు విద్యార్థులకు "పక్షపాతం లేకుండా, న్యాయమూర్తిలా చూడండి" అని చెప్పారు. పెద్దగా మార్పు రాలేదు. ఇంకొందరికి "ఇదే అధ్యయనంలో ఫలితం అవతలివైపు వచ్చుంటే దాన్ని ఇలాగే తూచేవారా అని ప్రతి అడుగులో అడుక్కోండి" అని చెప్పారు. వాళ్ళలో పక్షపాతం దిగింది. మెసేజ్ సలహా ఆ మొదటి రకం. రెండోది పనిచేయాలంటే నాదేవైపో నాకు ముందు తెలియాలి కదా. ఏ వైపూ లేదని తనకు తాను చెప్పుకున్నవాడు అవతలివైపు అంటే ఎటని చూస్తాడు?

చివరిది, "మూల నమ్మకాలు వేరైతే వాదన దండగ". అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది ఇదే. గాంధీ కంటే గట్టి ఆస్తికుడు, గోరా (గోపరాజు రామచంద్రరావు) కంటే గట్టి నాస్తికుడు మనకు దొరకరు. 1944 చివర్లో గోరా సేవాగ్రాం వెళ్ళి గాంధీతో మాట్లాడటం మొదలుపెట్టారు. దేవుడి దగ్గర వాళ్ళు ఎన్నడూ కలవలేదు. అంటరానితనం పోవాలన్న దగ్గర కలిశారు. గోరా తన కూతుర్ని దళిత యువకుడికి ఇచ్చి చేస్తానంటే, సేవాగ్రాంలోనే చేద్దామని గాంధీ ఒప్పుకున్నారు. పెళ్ళి నాటికి ఆయన లేరు. అయినా 1948లో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. ఇద్దరివీ వేర్లు వేరు, కొమ్మ ఒకచోట కలిసింది. మాట్లాడుకోకపోతే ఆ కొమ్మ ఉందని వాళ్ళకు తెలిసేదే కాదు.

ఆ రాత్రి ట్రాక్టర్ల బారు దగ్గర కూడా వాదన ఆగలేదు. రేటు మీద మామా, మా అన్నా చివరిదాకా ఒక మాటకు రాలేదు, ఇప్పటికీ రాలేదు. ముందున్న ట్రాక్టరు రెండడుగులు కదిలాక మా అన్న ఆ బిల్లు మళ్ళీ తీసుకుని, ట్రాక్టరు బాడుగ కింద ఇంకో గీత గీసి, "ఇంటోళ్ళ పని" అని రాశాడు. "రోజుకు ఎంత వేద్దాం మామా?" అన్నాడు.

మామ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ అత్తనే అడగాల. తెల్లారినాక ఫోన్ చేస్తాం" అన్నాడు.