డిక్కీ కోసుకున్న కార్లు, అతికించుకున్న క్రోమ్

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో పది నిమిషాలు నిలబడి చూడండి. ఏపీ 30, ఏపీ 35 నంబర్ల పాత బండ్లలో ఇప్పటికీ చూడముచ్చటగా ఉన్నవేవో, చూడగానే నవ్వొచ్చేవేవో ఇట్టే తెలిసిపోతుంది. రెండో రకంలో వయసు ముందుగా బయటపడేది తర్వాత తగిలించిన చోటే. ఆ తగిలించింది కంపెనీ వాళ్ళా, యాక్సెసరీ షాపు వాళ్ళా అన్నది తర్వాతి మాట.

కంపెనీ వాళ్ళతోనే మొదలెడదాం. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ ఇంజనైతే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదని షరతు. 2008లో వచ్చిన స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. 2012లో అదే బండి 3995కి కుదించుకుపోయింది. డిక్కీ 440 లీటర్ల నుంచి 316కి పడిపోయింది. అసలు గొడవ అక్కడే. కారు హ్యాచ్‌బ్యాక్‌ది, అంటే వెనక డిక్కీ పొడుచుకురాని రకంది, డిక్కీ మాత్రం పైనుంచి కత్తితో నరికినట్టు. పక్కనుంచి చూస్తే వీపుకి స్కూలు బ్యాగు తగిలించుకున్న పిల్లాడిలా ఉండేది. అయినా కుప్పలుతెప్పలుగా అమ్ముడైంది, ట్యాక్సీ వాళ్ళకైతే ఆ బండే బతుకు. అందుకే అందం మీద జనం రెండు ముక్కలయ్యారు.

తప్పు నాలుగు మీటర్ల రూలుది మాత్రం కాదు. 2017 డిజైర్ కూడా 3995 మిల్లీమీటర్లే, కానీ డిక్కీ 378 లీటర్లు. కారు గీసేటప్పుడే డిక్కీని లెక్కలో పెట్టుకుని, పైకప్పుని వెనక్కి వాలుగా దించారు. అదే కొలతలో కుదురు వచ్చింది. 2025 సెప్టెంబరు నుంచి కూడా ఇవే కొలతల్లో ఉన్న పెట్రోల్, డీజిల్ కార్లకి 18 శాతం జీఎస్టీ, పెద్దవాటికి 40. కాబట్టి ఈ కత్తెర ఇప్పట్లో ఆగదు.

ఇక షాపుల సోకులు. కిటికీల కింద, డోర్ల అంచున, హెడ్‌లైట్ల చుట్టూ అతికించే క్రోమ్ గార్నిష్‌లో చాలావరకు ప్లాస్టిక్ మీద పల్చటి పూతే. కళింగపట్నం, భోగాపురం వైపు ఉప్పుగాలికి ముందు అంచులు తెల్లబడతాయి, తర్వాత పొరలుపొరలుగా లేస్తుంది. దానికంటే నష్టం వెనకాల ఉంటుంది. డబుల్ టేప్ స్పాంజి నీటినీ బురదనీ పట్టి ఉంచుతుంది, కింద పెయింట్ మసకబారుతుంది. టేప్ నిలవడం లేదని స్క్రూ కొట్టారో, తుప్పు ఆ కన్నం దగ్గరే మొదలు.

తియ్యాలంటే బ్లేడు జోలికి పోవద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో ఒకటి రెండు నిమిషాలు వేడి చేసి, చేపల వలకి వాడే నైలాన్ దారాన్ని వెనక దూర్చి రంపంలా లాగాలి. మిగిలిన జిగురుని బొటనవేలితో ఉండ చుట్టి తీసి, మరక మిగిలితే గుడ్డకి కొంచెం కిరోసిన్ అద్ది తుడిచి, వెంటనే షాంపూ నీళ్ళతో కడగాలి. కింద రంగు కొత్తగా, చుట్టూ పాతగా కనబడుతుంది. పాలిష్ పడితే తేడా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

ముందు తగిలించే ఇనుప బుల్‌గార్డ్ గురించి ఎక్కువ చెప్పను. కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. దెబ్బ తగిలినప్పుడు బంపర్ నలిగి మింగాల్సిన దెబ్బని అది నేరుగా చాసిస్‌కి పంపిస్తుంది, ఎయిర్‌బ్యాగ్ లెక్క కూడా తప్పొచ్చు. ఇంకా ఎక్కడైనా కనబడితే అది మొండితనం, ఫ్యాషన్ కాదు.

2010 నిస్సాన్ జూక్ నుంచి ఇంకో మోజు మొదలైంది. పైన సన్నటి లైటు, అసలు హెడ్‌లైట్ కింద బంపర్‌లో. మన దగ్గర 2019లో హారియర్, వెన్యూ వచ్చినప్పుడు "ఇదేటి, కళ్ళు బుగ్గల్లోకి జారిపోనాయి?" అన్నవాళ్ళే ఎక్కువ. తర్వాత కళ్ళు అలవాటుపడ్డాయి, నిజమే. కానీ హైవే మీద గేదె అడ్డొస్తే, ఇదివరకు బంపర్‌తో పోయే దెబ్బ ఇప్పుడు హెడ్‌లైట్‌ని కూడా పట్టుకుపోతుంది. పసుపెక్కిన హెడ్‌లైట్ మాత్రం ఫ్యాషన్ తప్పు కాదు, ఎండ తప్పు. 800, 1500, 2000 నంబర్ల నీటికాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) వరసగా రుద్ది, కాంపౌండ్ పట్టి, పైన యూవీ క్లియర్ కోటు వెయ్యాలి. చివరిది మానేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ పసుపే. టూత్‌పేస్టుది నాలుగు రోజుల మెరుపు.

ఇప్పటి వంతు వెనక ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగే లైటు పట్టీది. 2023 నెక్సాన్, 2024 క్రెటా, ఏది చూసినా అదే గీత. పదేళ్ళకి ఇది కూడా నవ్వుల పాలవుతుందనే నా లెక్క, కాదనేవాళ్ళు కామెంట్లో కొట్టుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ళకి మాత్రం ఒక ఉపకారం ఉంది. మధ్య ముక్క డిక్కీ తలుపు మీద, పక్క ముక్కలు బాడీ మీద ఉంటాయి. రాత్రిపూట లైట్లు వేయించి ఇరవై అడుగుల వెనక నిలబడి చూడండి. అతుకుల దగ్గర గీత మెట్టులా పైకో కిందకో జరిగి ఉంటే, బేరం మొదలెట్టే ముందు డిక్కీ కింద మ్యాట్ ఎత్తించి టింకరింగ్ జరిగిందేమో చూడండి.