బ్యాండు వాళ్లను పాట మధ్యలో ఆపకండి

పోయిన వారం మా బంధువుల పెళ్లిలో జరిగింది నాకింకా మింగుడు పడటం లేదు. కడపలో ఏడు రోడ్ల సర్కిల్ దగ్గర ఊరేగింపు మంచి ఊపు మీద ఉంది. ఇంతలో డీజే వ్యాన్ వచ్చింది. "చాల్లేప్పా, ఇంక ఆపండి" అన్నారు మా వాళ్లు. ట్రంపెట్ వాయిస్తున్న పెద్దాయన అప్పుడే చరణం ఎత్తుకున్నాడు. దాన్ని పూర్తి చేయనివ్వలేదు. ఆయన ట్రంపెట్ దించి, కింద ఉన్న చిన్న మీట నొక్కి లోపలి తడిని రోడ్డు మీదికి ఊదేశాడు. ఎర్ర కోటు అంచుతో దాని మూతి తుడుచుకుని పక్కకు జరిగాడు. ఒక్క మాట అనలేదు.

అంతకుముందు అరగంట ఆయన పక్కనే నడిచాను. పాటకూ పాటకూ మధ్య ఒక గొట్టాన్ని కొంచెం బయటికి లాగుతుంటే ఎందుకు తాతా అనడిగాను. "ఎండకు శృతి పైకి పోతాది నాయనా, ఇట్లా లాగితే దిగుతాది" అన్నాడు. స్వరాలు మార్చడానికి ట్రంపెట్‌కు ఉండేవి మూడే మీటలు. మిగతాదంతా పెదవులూ ఊపిరీ చూసుకోవాలి. దాంతోనే అన్నమయ్య కీర్తన వాయించాడు, వీధి మలుపు తిరగ్గానే పాత సినిమా పాటలోకి దూకాడు, కుర్రాళ్లు విజిలేస్తే తీన్‌మార్ అందుకున్నాడు. దేవుని కడప ఉత్సవాల్లోనూ వాయించాడట, పెద్ద దర్గా ఉరుసులో ఖవాలీలూ వాయించాడట.

న్యూయార్క్ బ్రూక్లిన్‌లో రెడ్ బరాత్ అని ఒక బ్యాండు ఉంది. నాకు ప్రాణం. 2008లో సన్నీ జైన్ అనే డోలు కళాకారుడు మొదలుపెట్టాడు. బరాత్ అంటే పెళ్లి ఊరేగింపే. డోలు, ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సోఫోన్, ఒంటికి చుట్టుకునే పెద్ద సూసాఫోన్. భాంగ్రాలో జాజ్, ఫంక్, హిప్ హాప్ కలిపి కొడతారు. వాళ్ల వీడియోలు పంపితే మా ఫ్రెండ్స్ "ఏం మిక్సింగ్ మామా!" అంటారు. అదే ఫ్రెండ్స్ ఆ రోజు పెద్దాయన వైపు తలైనా తిప్పలేదు. తెల్లవాళ్ల మిలిటరీ బ్యాండ్లతో వచ్చిన వాయిద్యాల మీద మన పాటలు పలికిస్తున్నది ఇలాంటి వాళ్లే కదా. అది మిక్సింగ్ కాదా?

డీజే ఉంటే ఊపొస్తుందంటారు. నేను చూసింది చెప్తాను. మా అవ్వ రెండు అడుగులు వేయడానికి ముందుకొచ్చింది. పెద్దాయన కళ్లతోనే సైగ చేశాడు, డ్రమ్ము వాళ్లు వెంటనే వేగం తగ్గించారు. అవ్వ పాట అయ్యేదాకా ఆడింది. డీజే మొదలయ్యాక చెవులు మూసుకుని ఆటోలో కూర్చుంది. పెన్‌డ్రైవ్‌లోని పాటకు ఎదురుగా ఆడేది ఎవరో కనబడదు.

డబ్బులు ముందే మాట్లాడుకున్నాం కదా అని మా మామ నాతో వాదించాడు. డబ్బులిచ్చినంత మాత్రాన చరణం మధ్యలో నోరు మూయించవచ్చా? పాట అయ్యాక ఆపితే రెండు నిమిషాలు ఆలస్యమయ్యేది, అంతే.

నవంబరులో మా చెల్లెలి పెళ్లి. నిన్ననే వెళ్లి పెద్దాయనకు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. డీజే లేదని ఇంట్లో చెప్పేశాను. ఆ రోజు ఆగిపోయిన పాటను ఇంటి దగ్గర నుంచి మండపం దాకా ఎన్నిసార్లయినా వాయించమన్నాను.