మా హాల్లో వల

ఎడమ మణికట్టు ఇంకా మండుతూనే ఉంది కాబట్టి ముందు కథ గబగబా చెప్పేస్తాను. ఇల్లు రీమోడలింగ్ చేయించాం. సముద్రం మా దరిదాపుల్లో ఎక్కడా లేదు. అయినా ఇంటికి 'కోస్టల్ లుక్' రావాల్సిందేనని మా ఆవిడ, మా అమ్మాయి కలిసి తీర్మానించేశారు. గోడలకు తెలుపు, తలుపులకు నేవీ బ్లూ, కింద జనపనార చాప, కిటికీలకు లినెన్ కర్టెన్లు, కూర్చోవడానికి పేము కుర్చీలు. ఇంటీరియర్ డిజైనర్ అమ్మాయి వచ్చి ల్యాప్‌టాప్‌లో మా హాలు ఎలా మారబోతోందో చూపించింది. ఆ బొమ్మలో కిటికీ అవతల కెరటాలు కూడా ఉన్నాయి. అసలు కిటికీ అవతల ఉండేది పక్కింటి నీళ్ల ట్యాంకు. అయినా సంతకం పెట్టేశాం.

మధ్యలో ఏం జరిగిందో వదిలేయండి. దుమ్ము.

చివర్లో 'స్టైలింగ్' అని ఒక ఘట్టం ఉంటుందట. అందులో భాగంగా హాల్లో ఒక గోడంతా చేపల వల పరిచి బిగించారు. దానికి గవ్వలు, నక్షత్ర చేపలు, ఆకుపచ్చ గాజు బుడ్లు. "వల నీళ్లలో తేలడానికి కట్టేవి సార్ ఇవి, 1840ల్లో నార్వేలో మొదలుపెట్టారు" అంది డిజైనర్. మా గోడకి తేలాల్సిన అవసరం ఏమొచ్చిందని అడగబోయాను. అంతలో నా కన్ను అంతకంటే పెద్ద సమస్య మీద పడింది. హాల్లోని స్విచ్ బోర్డు ఆ వల వెనకాల ఉంది.

"బోర్డు కనపడితే ఫ్లో కట్ అవుతుంది సార్. వేళ్లు దూర్చి నొక్కుకోవచ్చు" అంది. ఈ అమ్మాయి దగ్గర ప్రతి ప్రశ్నకీ ఫ్లో అనే జవాబు ఒకటి ఉంటుంది. చెప్పుల స్టాండు ఎక్కడ అన్నా ఫ్లోనే.

నిన్న సాయంత్రం ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. చీకటి పడింది. లైటు వేద్దామని ఎడమ చేయి వలలోకి దూర్చాను. సాఫీగా వెళ్లింది. స్విచ్ నొక్కాను, లైటు వెలిగింది. చేయి వెనక్కి తీయబోతే రాలేదు. వాచీ పట్టుకుంది.

చేపలు పట్టే వలల్లో గిల్ నెట్ అని ఒక రకం ఉంది. దాని సూత్రం చాలా సులువు. చేప తల వల కన్నులోంచి, అంటే తాళ్ల మధ్య కంతలోంచి, ముందుకు దూరుతుంది, ఒళ్లు మాత్రం పట్టదు. సరేలే అని వెనక్కి తగ్గబోతే మొప్పలకు తాడు తగులుకుంటుంది. ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది. చిన్న చేపలు అటునుంచి అటే జారిపోతాయి. మరీ పెద్దవాటికి తలే దూరదు. సరిగ్గా మధ్యరకం వాటికే మూడుతుంది. మా అమ్మాయి చేయి ఎన్నిసార్లు దూరినా హాయిగా తిరిగొచ్చేసింది. మా ఆవిడదీ అంతే. ఇంట్లో మధ్యరకం ప్రాణిని నేనేనని నిన్నటిదాకా ఎవరికీ తెలియదు.

వాచీ బకిల్ గోడవైపు ఉంది. ఎక్కడ పట్టుకుందో చూద్దామని మొహం దగ్గరగా పెట్టాను. కళ్లజోడు కొమ్మ వలలోని పక్క కన్నులోకి దూరింది. తల వెనక్కి తీస్తే చెవి దగ్గర గట్టిగా పట్టేసింది. జోడు తీసేస్తే బకిల్ కనపడదు, తీయకపోతే తల కదలదు. ముక్కుకి బెత్తెడు దూరంలో ఒక నక్షత్ర చేప. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం. దాని పరిస్థితే నయం, జిగురుతో అంటించారు.

అప్పుడు వచ్చారు పై అంతస్తు మాస్టారు. తలుపు ఓరగా వేసి ఉంటే తోసుకుని లోపలికొచ్చారు. నేను వల సర్దుతున్నాననుకున్నారు. "బాగా అమరుస్తున్నారే" అని మెచ్చుకుని, పేము కుర్చీలో కూర్చుని గోడ రంగు మీద పడ్డారు.

"ఈ తెలుపులో నీలం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, చూశారా?"

చూశాను. ఆ సమయంలో నాకు గోడ తప్ప మరొకటి కనపడే అవకాశం లేదు.

"బల్బు 6500 కెల్విన్ వేశారు కదా, అదీ సంగతి. 2700 వేస్తే పసుపు తిరుగుతుంది. షాపులో ఇచ్చే చిన్న చీటీ చూసి ఎప్పుడూ రంగు ఎంచకూడదండీ. గోడ మొత్తం వేసేసరికి ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి ముదురుతుంది."

"మాస్టారూ, కాస్త ఈ చేయి..."

"చేత్తో పూస్తే ఏం తెలుస్తుంది? పెద్ద అట్టముక్క మీద రంగు వేసి, పొద్దునా సాయంత్రం గోడకి ఆనించి చూడాలి. మీరు చూసి ఉండరు."

ఆయన చెప్పినవన్నీ నిజాలే. అదే ఎక్కువ బాధ. సీలింగ్‌కి ఏ తెలుపు వేయాలో కూడా చెప్పి, మంచినీళ్లు అడిగి, నేను కదలకపోయేసరికి కొంచెం నొచ్చుకుని వెళ్లిపోయారు.

కుడిచేయి ఖాళీయే కదా, జేబులోంచి ఫోన్ తీసి డిజైనర్‌కి కొట్టాను. సంగతి పూర్తిగా వినకుండానే "సార్, హ్యాండోవర్ అయిపోయింది కదా, కాల్‌లో తీసుకోం. యాప్‌లో టికెట్ పెట్టండి" అంది. అడ్వాన్స్ కోసం ఇదే అమ్మాయి ఆదివారం పొద్దున్న కూడా ఫోన్ చేసేది.

యాప్ తెరిచాను. సమస్య రకం ఎంచుకోమంది. పెయింట్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఫర్నిచర్. వల లేదు. ఆలోచించి ఎలక్ట్రికల్ నొక్కాను, స్విచ్ కోసమే కదా ఇదంతా. "విద్యుత్ ప్రమాదం ఉంటే వెంటనే గోడకు దూరంగా జరగండి" అంది. జరగగలిగితే నీతో నాకేం పని? వెనక్కొచ్చి 'ఇతరములు' నొక్కాను. సమస్య స్పష్టంగా కనిపించేలా ఫొటో జతచేయమంది. చేయి చాచగలిగినంత చాచి నన్ను, నక్షత్ర చేపని కలిపి ఒక సెల్ఫీ తీసి పంపాను.

మా ఆవిడ వచ్చింది, కత్తెర తెచ్చింది. అయితే మా అమ్మాయి ఫొటో తీసేదాకా కత్తిరించలేదు.

ఇవాళ పొద్దున్నే యాప్‌లో జవాబొచ్చింది. మీ ఫొటో పరిశీలించాం, వల గోడకి గట్టిగానే బిగించి ఉంది, లోపమేమీ కనపడలేదు, టికెట్ మూసేస్తున్నాం. కింద ఇంకో లైను: కత్తిరించిన వలకు వారంటీ వర్తించదు.

కత్తిరించిన సంగతి వాళ్లకి ఎవరు చెప్పారు అని మా అమ్మాయిని అడిగితే, కాలేజీకి టైమైందంటూ వెళ్లిపోయింది.