తప్పు ఇనుప కొట్టువాడిది కాదు

రేడియేషన్ ప్రమాదం అనగానే అందరికీ చెర్నోబిల్, ఫుకుషిమా గుర్తొస్తాయి. మన దగ్గరైతే కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం, తుమ్మలపల్లి, నల్లమల యురేనియం మీద చర్చ నడుస్తుంది. నడవాలి కూడా. కానీ రియాక్టర్ ఊసే లేని చోట, పాత ఇనుము కొనే కొట్లో రేడియేషన్‌తో మనుషులు చనిపోయిన సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తినా "చదువు లేనివాళ్లు, తెలియక తెరిచారు" అని తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

బ్రెజిల్‌లోని గొయానియాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ రేడియేషన్‌తో క్యాన్సర్‌కు చికిత్స చేసే ఒక ప్రైవేటు క్లినిక్ 1985లో వేరే చోటికి మారింది. కోబాల్ట్ మెషీన్‌ను పట్టుకెళ్లింది గానీ సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న మెషీన్‌ను పాత భవనంలోనే వదిలేసింది. లైసెన్సు ఇచ్చిన సంస్థకు ఒక్క ముక్క చెప్పలేదు. 1987 సెప్టెంబరు 13న ఇద్దరు యువకులు, అమ్మితే నాలుగు డబ్బులొస్తాయని ఆ మెషీన్‌లోని బరువైన భాగాన్ని విప్పి ఇంటికి తీసుకెళ్లారు. ఇద్దరికీ వాంతులు పట్టుకున్నాయి. తిన్నదేదో పడలేదని ఒకతనికి డాక్టరు చెప్పాడు.

దాన్ని పాత సామాన్ల వ్యాపారి కొన్నాడు. చీకట్లో లోపలి నుంచి నీలం వెలుగు కనిపించేసరికి ఏదో విలువైనదే దొరికిందనుకున్నాడు. చుట్టాలను, ఇరుగుపొరుగును పిలిచి చూపించాడు. లోపలున్న పదార్థాన్ని బియ్యపు గింజంత ముక్కలుగా పంచిపెట్టాడు. కొందరు దాని పొడిని ఒంటికి రాసుకున్నారు. అతని సోదరుడు ఇంటికి కొంచెం తీసుకెళ్తే, ఆరేళ్ల కూతురు ఆ పొడి అంటిన చేతులతోనే తిండి తింది. అంతా కలిపి ఆ మెషీన్ భాగంలో ఉన్నది 93 గ్రాముల సీజియం క్లోరైడ్. ఉప్పులాగే నీళ్లలో కరిగే పదార్థం. అందుకే చెమటతో, దుమ్ముతో ఇల్లిల్లూ పాకింది.

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకేసారి మంచం పట్టడం గమనించింది ఆ వ్యాపారి భార్యే. సెప్టెంబరు 28న ఆ ముక్కలను సంచిలో వేయించి, పనివాణ్ణి తోడు తీసుకుని, బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకు వెళ్లింది. ఇదే మావాళ్లను చంపేస్తోందని డాక్టరుకు చెప్పింది. మర్నాడు ఒక భౌతిక శాస్త్రవేత్త రేడియేషన్ మీటరు అరువు తెచ్చుకుని బయల్దేరాడు. ఎటు తిప్పినా రీడింగ్ చివరి అంకెకే కొడుతోంది. మీటరు పాడైందనుకుని వెనక్కెళ్లి ఇంకోటి తెచ్చుకున్నాడు. అతను వచ్చేసరికి ఫైరింజన్ వాళ్లు ఆ సంచిని నదిలో పారేయడానికి సిద్ధంగా ఉన్నారు. అతను అడ్డుపడకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తుంది.

రేడియేషన్ అంటే ఏమిటో తెలియని ఆ ఇల్లాలు చేసిన పని, మెషీన్‌ను గాలికొదిలేసిన చదువుకున్నవాళ్లు రెండేళ్లలో చేయలేదు. ఆమె, ఆ పాప ఒకే రోజు, అక్టోబరు 23న చనిపోయారు. కొట్లో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు కూడా ఆ తర్వాత పోయారు. మెషీన్ విప్పిన ఇద్దరిలో ఒకతనికి ముంజేయి తీసేశారు. 1,12,000 మందికి పైగా జనాన్ని పరీక్షిస్తే 249 మందికి సీజియం అంటినట్టు తేలింది. పాపను సీసం పొదిగిన శవపేటికలో పూడ్చడానికి తీసుకెళ్తే, మా శ్మశానంలో వద్దంటూ జనం రాళ్లు రువ్వారు. ఆరేళ్ల పిల్లకు చివరికి దక్కింది అది.

ఇది ఎక్కడో జరిగిందిలే అనుకోవద్దు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలోనూ ఇదే జరిగింది. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో 1985 నుంచి వాడకుండా పడున్న గామా సెల్‌ను, అంటే గామా కిరణాలతో ప్రయోగాలు చేసే యంత్రాన్ని, పాత సామానుతో పాటు వేలం వేసేశారు. అందులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. దాని తీవ్రత సగానికి తగ్గడానికే ఐదేళ్లకు పైన పడుతుంది. పాతికేళ్లు మూలన పడున్నా మనిషిని చంపే సత్తా ఇంకా మిగిలే ఉంది. కొట్లో దాన్ని కోసి ముక్కలు చేశారు. ఒకతను ఒక ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు. చాలామంది ఆస్పత్రి పాలయ్యారు, ఒక కార్మికుడు చనిపోయాడు. చెప్పండి, ఇక్కడ తెలియనిది ఎవరికి? పీహెచ్‌డీలు ఇచ్చే విభాగానికా, కిలోల లెక్కన ఇనుము విడగొట్టి పొట్ట పోసుకునే మనిషికా?

పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు ఉంటుంది కదా అంటారు. అది చూసి ప్రమాదమని గ్రహించాలంటే ముందు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా ఈ సంగతి గుర్తించే 2007లో కొత్త గుర్తు తెచ్చింది. ఎర్రటి రంగు మీద కిరణాలు, పుర్రె, పరిగెత్తే మనిషి బొమ్మ ఉంటాయి. అక్షరం రాకపోయినా అర్థమవుతుంది. యంత్రాన్ని విప్పబోయేవాడికి కనిపించేలా లోపల అంటించాలని దాని ఉద్దేశం. పాత యంత్రాలకు ఎవరు అంటిస్తారు?

నా మాట ఒక్కటే. రేడియోధార్మిక పదార్థం ఉన్న యంత్రాన్ని ఎవరు కొంటే, దాన్ని భద్రంగా తిప్పి పంపించేదాకా బాధ్యత వాళ్లదే. ఆ ఖర్చును కొనే రోజే డిపాజిట్‌గా కట్టించాలి. డిపార్టుమెంట్ హెడ్డు మారాడు, క్లినిక్ మూతపడింది, ఫైలు దొరకలేదు అనే సాకులకు చోటుండకూడదు. పెద్ద స్క్రాప్ మార్కెట్ల గేటు దగ్గర డిటెక్టర్లు పెట్టాలి. ఆ ఖర్చు చిన్న కొట్లవాళ్ల నెత్తిన రుద్దకుండా ప్రభుత్వమే భరించాలి.

ఇది చదివేవాళ్లలో కాలేజీల్లో, క్యాన్సర్ ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఉంటారు. మీ దగ్గర పాత సామాను వేలానికి పెడుతుంటే ఆ జాబితా ఒకసారి తెప్పించుకుని చూడండి. రేడియేషన్ యంత్రం ఏదైనా అందులో ఉంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కాగితం చూపించమని అడగండి. చూపించకపోతే వేలం ఆపించి, మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.