దగ్గరి రేవా, దూరపు రేవా?

భీమవరంలో రొయ్యల చెరువుల సామాను అమ్మే ఓ చిన్న షాపు. లెక్కలు అక్క చూస్తుంది, సరుకు వెతికి తెచ్చే పని తమ్ముడిది. ఇన్నాళ్లూ చెన్నై డీలరు దగ్గర కొన్నవాళ్లు, ఈసారి చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల గేర్‌బాక్సులు నేరుగా దిగుమతి చేసుకుందామనుకున్నారు. వియత్నాం నుంచా, ఇటలీ నుంచా అన్న దగ్గర పేచీ వచ్చింది. డెల్టాలో ఇలాంటి షాపులు చాలా ఉన్నాయి కాబట్టి వాళ్ల వాదన రాస్తున్నాను. నా మొగ్గు అక్క వైపని ముందే చెప్పేస్తున్నా. అయితే తమ్ముడి మాటలో బలం ఉన్న చోట దాన్ని తగ్గించలేదు.

తమ్ముడు: ఈ గేర్‌బాక్స్ మూత తీశాను, చూడక్కా. సీల్ పోయి లోపలికి ఉప్పునీళ్లు దిగాయి. ఆయిల్ తెల్లగా చిక్కబడిపోయింది. పళ్లు అరిగిపోయాయి. ఒక్క పంటకే ఈ గతి. ఇది దగ్గరి దేశం సరుకే. రాత్రి మూడింటికి ఇది ఆగిపోతే ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అప్పుడు రైతుకి వచ్చే నష్టం ముందు మనం మిగిల్చుకున్నది ఏపాటి?

అక్క: పాడైంది చవక సరుకురా. చవకదీ దగ్గరదీ ఒకటే అనుకుంటే ఎలా? వియత్నాంలో మెకాంగ్ డెల్టా చూడు, అక్కడా మనలాగే వనామీ రొయ్యల చెరువులే, మనలాగే ఉప్పు, ఎండ, వాన. వాళ్ల చెరువుల్లో నాలుగు పంటలు తిరిగిన గేర్‌బాక్స్ ఏదో కనుక్కుని అదే తెప్పించు. ఇటలీ వాళ్లది ఫ్యాక్టరీ కన్వేయర్ కోసం చేసిన సరుకు. చెరువు మధ్యలో రేయింబవళ్లు తడుస్తూ తిరగడానికి చేశారో లేదో అడిగావా?

తమ్ముడు: అడిగాను. షాఫ్ట్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో ఇస్తామన్నారు. అందులో మాలిబ్డినం ఉంటుంది, మామూలు 304 రకం కంటే ఉప్పుకి బాగా ఆగుతుంది.

అక్క: ఆర్డరు కాగితంలో 316 అని రాయిస్తే వియత్నాం వాళ్లూ చేసిస్తారు. నమూనా ముందు తెప్పించి, ల్యాబులో చూపించి, ఆ తర్వాతే అడ్వాన్సు పంపు.

తమ్ముడు: అసలు ఈ ఊళ్ల సంపదంతా దూరం నుంచి వచ్చిందే కదక్కా! వనామీ రొయ్య పుట్టిందే అమెరికా ఖండం పసిఫిక్ తీరంలో. 2009లో మన దేశం అనుమతిచ్చాకే కదా ఈ చెరువులు ఇలా పెరిగాయి! రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకి తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా నుంచి కూడా విమానంలో వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ దాటాకే వాటిని వదులుతారు. పిల్లలకి మేపే ఆర్టీమియా అనే ఉప్పునీటి సన్న జీవికి పేరున్నది అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్. దగ్గర్లో దొరికే ఆర్టీమియా ఉన్నా హేచరీవాళ్లు ఆ పేరే అడుగుతారు. దూరమని మానేసుంటే మన ఊళ్లో ఇన్ని మేడలు లేచేవా?

(ఈ మాటకి అక్క వెంటనే జవాబివ్వలేదు. తమ్ముడి వాదనలో నాకు అన్నిటికంటే గట్టిగా తోచింది ఇదే.)

అక్క: నిజమే. కానీ తల్లి రొయ్యా, ఆర్టీమియా డబ్బా తూకం తక్కువ, విలువ ఎక్కువ. వాటికి విమానం ఖర్చు పెట్టినా కిట్టుబాటవుతుంది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు ప్రోబ్ జర్మనీ నుంచి కొరియర్‌లో తెప్పిస్తానన్నా నేను కాదనను. గేర్‌బాక్స్ ఇనుప ముద్ద, కంటైనర్‌లో రావాల్సిందే. లెక్క వేద్దాం, రా. పది లక్షల సరుకు అనుకో. ఓడ కిరాయి వియత్నాం నుంచి 60 వేలు, ఇటలీ నుంచి 2 లక్షలు అనుకో. కస్టమ్స్ వాళ్లు సుంకం సరుకు ధర ఒక్కదాని మీదే వెయ్యరు. కిరాయి, బీమా కూడా కలిపి వేస్తారు. బేసిక్ డ్యూటీ 7.5 శాతం అనుకుంటే, దాని మీద పది శాతం సర్‌చార్జీతో 8.25 అవుతుంది. ఇటలీకి ఎక్కువ పోసిన ఆ లక్షా 40 వేల మీద ఇంకో 11,550 ఇక్కడ కట్టాలి. కిరాయి కాగితం సరిగ్గా లేదనుకో, సరుకు ధరలో 20 శాతాన్ని కిరాయిగా లెక్కేస్తారు.

తమ్ముడు: అయినా నాణ్యతలో అది తిరిగొస్తుంది. రేవులో కట్టే ఐజీఎస్‌టీ పన్ను ఎలాగూ క్రెడిట్‌గా తిరిగొస్తుంది.

అక్క: వస్తుంది, తర్వాత. ముందు రేవులో కట్టేది మన బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) అప్పులోంచే. అసలు కష్టం అక్కడే ఉందిరా. ఫ్యాక్టరీకి 30 శాతం అడ్వాన్సు, సరుకు ఓడ ఎక్కిందని చూపే బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ రాగానే మిగతా 70. డబ్బంతా పోయాక సరుకు ఇంకా సముద్రం మీదే ఉంటుంది. ఇక్కడ రైతు ఎప్పుడిస్తాడు? రొయ్యల పట్టుబడి అయ్యాక. అంటే మూడు నాలుగు నెలలు. దానికి నువ్వు ఇంకో నెలన్నర సముద్రం కలుపుతానంటున్నావు. ఆ వడ్డీ ఎవరు కడతారు? 2021లో సూయెజ్ కాలువలో ఒక్క ఓడ అడ్డం తిరిగితే ఆరు రోజులు దారి మూసుకుపోయింది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, పది రోజులకు పైనే ఆలస్యం. చెరువుల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వేసే టైముకి సరుకు రాకపోతే అది వచ్చే పంట దాకా గోడౌన్‌లోనే.

తమ్ముడు: దగ్గరికీ చిక్కులున్నాయక్కా. వియత్నాం ఉన్న ఆసియాన్ దేశాలతో మన ఒప్పందం 2010 నుంచి ఉంది, చాలా సరుకులకి సుంకం తగ్గుతుంది, ఒప్పుకుంటా. కానీ వియత్నాంలో బిగించిన గేర్‌బాక్స్‌లో చైనా గేర్లుంటే? ఆ ఒప్పందం కింద కనీసం 35 శాతం విలువ అక్కడిదై ఉండాలి. 2020 సెప్టెంబరు నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. అది నిజంగా అక్కడి సరుకేనని కాగితాలు దగ్గర పెట్టుకోవాల్సింది దిగుమతి చేసే మనమే. అధికారి అడిగినప్పుడు ఫ్యాక్టరీవాడు ఫోన్ ఎత్తకపోతే సుంకం తేడా మన నెత్తిన పడుతుంది. ఇటలీవాడు ఏం ఇచ్చినా కాగితం పక్కాగా ఇస్తాడు.

అక్క: అది బాగా అడిగావ్. అందుకే మనిషి స్వయంగా వెళ్లాలంటున్నా. వియత్నాం అయితే నాలుగు రోజుల్లో వెళ్లి, ఫ్యాక్టరీ చూసి, గేరు ఎక్కడ కోస్తున్నారో ఫోటో తీసుకుని వచ్చేయొచ్చు. ఇటలీకైతే వీసాకే తిప్పలు. సరుకు చెడితే వెనక్కి పంపేది కల్ల.

తమ్ముడు: అలాగైతే పాలకొల్లు, నరసాపురం వైపు డచ్చివాళ్లు కట్టిన కొట్లు ఏమంటావ్? మన నేతగుడ్డ యూరప్ దాకా పోయింది. దూరపు వ్యాపారం ఈ నేలకి కొత్తేం కాదు.

అక్క: ఆ ఓడలు వాళ్లవి, పెట్టుబడి వాళ్లది. మనవాళ్లు కోరంగి రేవు నుంచి రంగూన్ తిరిగారు, టేకు తెచ్చుకుని మండువా ఇళ్లు కట్టుకున్నారు. మన స్తోమతుకి రంగూన్ దారే సరిపోయింది. మన షాపుకీ అంతే.

తమ్ముడు: సరే, రెండంటే రెండు గేర్‌బాక్సులు ఇటలీవి విమానంలో తెప్పిస్తాను. బాబాయిగారి చెరువులో వియత్నాంవాటి పక్కనే పెడదాం. ఎండాకాలం పంట అయ్యాక రెండూ విప్పి ఆయిల్ చూద్దాం.

అక్క: తెప్పించు. బిల్లు నా కమీషన్‌లోంచి ఇస్తాను, షాపు ఓడీ ముట్టుకోవద్దు. వియత్నాం ఆర్డరు మాత్రం ఆగదు, సీడ్ వేసే టైము దగ్గరపడుతోంది. దిగుమతికి కావాల్సిన ఇంపోర్టర్ కోడ్‌కి షాపు పాన్ మీద ఇవాళే అప్లై చెయ్యి. ఆ గేర్‌బాక్సుకి ప్రభుత్వ నాణ్యత గుర్తు, అదే బీఐఎస్ మార్కు, కావాలో లేదో కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటుని రాతపూర్వకంగా అడుగు. ఆయన జవాబు వచ్చాకే వియత్నాం వాళ్లకి అడ్వాన్సు.